నలభై ఎనిమిది అట్టలు

"లింగస్వామిని చంపేసిండ్రు," అన్నాడు చీఫ్ వెంకటరాజం.

1967 ఏప్రిల్. మహబూబ్‌నగర్‌లో ఒక గెస్ట్ హౌస్. ఎదురుగా ఉన్న ఏజెంట్ రఘుపతికి లింగస్వామి స్నేహితుడు. లింగస్వామి ప్రోగ్రామర్. గాజు నూలు బట్టను పొరలు పొరలుగా జిగురుతో అతికించి, పొయ్యిలో గట్టిపరిచి రాకెట్ గొట్టం చేయాలంటే ఏ పొర ఏ కోణంలో ఉండాలో మూడేళ్లు కంప్యూటర్ చేత లెక్క కట్టించాడు. పొరకొకటి చొప్పున నలభై ఎనిమిది పంచ్ కార్డులు, అంటే చిల్లులు పొడిచిన అట్టలు, మిగిల్చి పోయాడు.

"రెండో కాపీ లేదు. పొరలల్ల పై సగం ఎట్లుంటదో కింది సగం అద్దంల చూసినట్టు గట్లనే ఉండాలె, లేకుంటే పొయ్యిలకెల్లి తీసినంక గొట్టం వంకర పోతది. హైదరాబాద్ తోవంత ఆయన్ని చంపినోళ్ల కండ్లే. ఈ కార్డుల డబ్బా చౌటుప్పల్‌ల దాచు. నాలుగో దినం మన మనిషొస్తది. కోడ్ వర్డ్, చిలకపచ్చ నూలు."

రఘుపతి నూలు షావుకారు వేషం కట్టి, నేత నేసే మల్లమ్మ ఇంట్లో గది కిరాయికి తీసుకున్నాడు. అవి కొత్త అంచు డిజైన్ అట్టలని చెప్పి డబ్బా అటక మీద పెట్టించాడు. ఆమె జకార్డు మగ్గం మీదా అంచు డిజైన్ నేయించే చిల్లుల అట్టలే వేలాడుతున్నాయి కనుక అబద్ధం అతికింది.

నాలుగో రోజు నల్ల కళ్లద్దాలు, పట్టుచీరతో నిర్మల జీపు దిగింది. రఘుపతితో అయిదేళ్లుగా ఒకే ఆఫీసులో పనిచేసిన మనిషి.

"చిలకపచ్చ నూలుందా?"

రఘుపతి డబ్బా దించాడు. ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది.

"నువ్వా?" అన్నాడు.

"నేనే. లింగస్వామి కూడా ఇదే మాట అడిగాడు."

డ్రైవర్ అతన్ని మగ్గం గుంజకు కట్టాడు. జేబులో మత్తుమందు చిమ్మే ఫౌంటెన్ పెన్ను ఉంది. చేతులు కట్టేశాక అది ఉత్త పెన్నే. డబ్బాతో జీపు వెళ్లిపోయింది. అరుద్దామన్నా నోట్లో గుడ్డ. స్నేహితుడి మూడేళ్ల కష్టం కళ్లముందే పోతుంటే రఘుపతికి ఏడుపు ఆగలేదు.

గంట తర్వాత సంత నుంచి వచ్చిన మల్లమ్మ కట్లు విప్పింది.

"డబ్బా పోయింది," అన్నాడతను. పోస్టాఫీసుకు పరుగెత్తి ఫోన్ చేసినా జీపు దొరకదు. ఆ సంగతి అతనికి తెలుసు.

"పోతే పోయింది, సావుకారి. అండ్ల సగమే ఉన్నయి."

"సగమా?"

"కొత్త డిజైన్ గదా అని డబ్బా తీసి చూసిన. మీ డిజైన్ చేసినోనికి పని రాదు. ఇరవై నాలుగు దాక మంచిగనే ఉన్నయి. ఆడికెల్లి మల్ల అవ్వే అట్టలు, ఎనుకకెల్లి ముందరికి. అంచు సగమైనంక మేం అట్టల్ని ఎనుకకు తిప్పుతం, రెండో సగం అదే వస్తది. ఉత్తగ రెండుసార్లెందుకని తీసేసిన."

"తీసి?"

ఆమె బుట్ట చూపించింది. ఇరవై నాలుగు కార్డులకు చిక్కుపడకుండా రంగు నూలు చుట్టి ఉంది. రఘుపతి వాటిని తిరగేసి అమర్చుకుంటే మొత్తం లెక్క తిరిగొస్తుంది. అతను నేల మీద కూలబడి మళ్లీ ఏడ్చాడు.

ఆగస్టులో చీఫ్ ఫోన్ చేశాడు. "వాళ్లు ఇరవై నాలుగు పొరల గొట్టమే చేసిండ్రట. పొయ్యిలకెల్లి తీస్తుంటేనే అప్పడం లెక్క మెలి తిరిగిందట. మోసం చేసిందని నిర్మలను వాళ్లే ఆడ జైల్లేసిండ్రు. నీ రిపోర్ట్ ఇంకా రాలే."

రఘుపతి ఆ రాత్రే రాశాడు: "ఆపరేషన్ విజయవంతం. ఆ సమయంలో ఏజెంట్ గుంజకు కట్టేసి ఉన్నాడు."