డబుల్స్ ఫైనల్‌కి దూలగొండి

మధ్యాహ్నం ఒంటిగంటకి తెనాలిలో డిటెక్టివ్ శివపార్వతి ఆఫీసు మెట్లెక్కి వచ్చిన అమ్మాయి కూర్చోమన్నా కూర్చోలేదు. చున్నీ కొసని వేళ్ళకి చుట్టుకుంటూ నిలబడింది.

"నా పేరు సల్మా అండి. మా నాన్న నాగూర్ బాషా టెన్నిస్ రాకెట్లకి గట్టింగ్ తీగలు బిగిస్తారు, పిడులకి టేపు చుడతారు. బాపట్ల టోర్నమెంటులో ఆటగాళ్ళందరికీ ఆయనే. ఇవాళ నాలుగున్నరకి మగవాళ్ళ డబుల్స్ ఫైనల్. మా అన్నయ్య హనీఫ్, కర్లపాలెం అభినవ్ ఒక జోడీ. ప్రాక్టీసులో అభినవ్ అరచెయ్యి దద్దుర్లెక్కి వాచిపోయిందండి. రాకెట్ల పిడులకి ఎవరో దురద పుట్టించే దూలగొండి కాయల నూగు పూశారంట."

"మీ నాన్నే పూశాడన్నారా?"

"అభినవ్ వాళ్ళ నాన్న ప్రకాశరావు గారు జనం ముందే అన్నారండి. మా అన్నయ్యని ఇంకో జోడీలోకి పంపడానికి ఇట్టా చేశాడంట. మ్యాచ్ టైముకి తేలకపోతే పోలీసులకి అప్పజెబుతారంట. ఇంక మా నాన్న చేతికి రాకెట్టు ఎవరిస్తారండి?"

"ఆయనేమన్నారు?"

"ముందు నాకేం తెలీదన్నారండి. రాకెట్టు చేతికిచ్చి చూడమన్నాక, ఆ టేపు నేనే చుట్టానన్నారు. ఇంక నోరు విప్పలేదు."

శివపార్వతి లేచి చెప్పులు వేసుకుంది. అసిస్టెంటు వరప్రసాదం కారు తాళాలు అందుకున్నాడు. ఆమె ఏ మాట దగ్గర లేస్తే ఆ మాటలోనే కిటుకు ఉంటుందని ఆరేళ్ళ అనుభవంలో అతనికి తెలిసింది. కిటుకేంటో మాత్రం ఒక్కసారీ తెలియలేదు.

బాపట్ల చేరేసరికి రెండున్నర. ఆటగాళ్ళ గది బయట ప్రకాశరావు అటూ ఇటూ తిరుగుతున్నాడు. లోపల చెన్నై జోడీ, ఇద్దరూ కుడిచేతి వాళ్ళే, ఒక మూల కూర్చున్నారు. హనీఫ్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అతనిది ఎడమచేతి వాటం. ఆ జోడీకి అదే బలమని చుట్టుపక్కల చెప్పుకుంటారు. నాగూర్ బాషా తన గట్టింగ్ మిషను పక్కన తల వంచుకుని ఉన్నాడు.

మిగతా ముగ్గురు ఆటగాళ్ళూ తలమీంచి తొడుక్కునే టీషర్టుల్లో ఉన్నారు. అభినవ్ గుండీల చొక్కాలో ఉన్నాడు.

"ఎప్పుడు మొదలైంది బాబూ?" అంది శివపార్వతి.

"పదకొండింటికండి. నాలుగు బంతులు కొట్టానో లేదో నిప్పులు పోసినట్టయింది."

"ఏదీ, చెయ్యి చూపించు."

కుడి అరచెయ్యి ఎర్రగా ఉబ్బి ఉంది. దాన్ని చూపించడానికి అతను కుడి మోచేతిని ఎడమచేత్తో కింద పట్టుకుని పైకెత్తాడు.

"రాకెట్లు ఎవరెవరి చేతుల్లో ఉన్నాయి?"

"తొమ్మిదింటికి బాషా గారు తెచ్చిచ్చారండి. తర్వాత ఇక్కడే బ్యాగులో ఉన్నాయి."

"అదేనండీ నేననేది!" అని ప్రకాశరావు గుమ్మంలోంచి అరిచాడు. "వాడి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు!"

వరప్రసాదం చెవి దగ్గరకొచ్చాడు. "మేడం, నాకైతే చెన్నై వాళ్ళ మీద..."

"వాళ్ళకి మన పొలం గట్ల మీద దూలగొండి ఏ తీగో ఎట్టా తెలుసయ్యా? నువ్వు తెంపిచ్చావా?"

వరప్రసాదం వెనక్కి తగ్గాడు. శివపార్వతి చేతిరుమాలు అడ్డంపెట్టి అభినవ్ రాకెట్టు ఒకటీ, హనీఫ్‌ది ఒకటీ, బాషా మిషను మీదున్న చెన్నై అతనిది ఒకటీ తీసి వరసగా బల్ల మీద పెట్టింది. పిడుల మీద టేపు చుట్ల గీతలు చాలాసేపు చూసింది. మొదటి రెండిటి మీదా గీతలు ఒకే వాలుగా ఉన్నాయి. మూడోదాని మీద ఎదురు వాలు.

"అందర్నీ లోపలికి పిలువు. తలుపు వెయ్యి."

అందరూ చేరాక ఆమె బాషా వైపు తిరిగింది. "బాషా గారూ, కుడిచేతి వాళ్ళకి టేపు ఎటు చుడతారు, ఎడమచేతి వాళ్ళకి ఎటు?"

"ఎదురెదురుగా అమ్మా. లేకపోతే ఆడేటప్పుడు అంచు లేచిపోద్ది."

"మీరెప్పుడైనా పొరబాటు పడ్డారా?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"పడరు. మీ చెయ్యి ఎవరి రాకెట్టయితే వాళ్ళ వైపు తిరుగుద్ది. అభినవ్ రాకెట్ల మీద టేపు ఎడమచేతి వాళ్ళకి చుట్టినట్టు ఉంది. నూగు పూసిన కొత్త టేపు తెచ్చి ఎవరో గబగబా మార్చారు. ఎప్పుడూ తన రాకెట్టు తప్ప ఇంకొకరిది చుట్టనివాడు. తొందరలో చెయ్యి తన అలవాటుకి పోయింది. అది చూడగానే మీకు తెలిసిపోయింది. అందుకే తప్పు నెత్తినేసుకున్నారు."

సల్మా అన్నయ్య వైపు చూసింది. ఆ గదిలో ఎడమచేతి వాటం అతనొక్కడిదే.

"అన్నయ్యా, కాదని చెప్పు!"

"నేనే," అన్నాడు హనీఫ్.

"ఎందుకురా?" ప్రకాశరావు అతని మీదికి వచ్చాడు.

శివపార్వతి అడ్డం నిలబడింది. "మీ అబ్బాయిని కుడిచెయ్యి తలదాకా ఎత్తమనండి."

అభినవ్ కదల్లేదు.

"దురద అరచేతిలో. మోచెయ్యి పట్టుకుని ఎత్తాల్సిన పనేంటి? తలమీంచి చొక్కా తొడుక్కోలేక గుండీల చొక్కా వేసుకున్నాడు. భుజం పోయింది. అవునా హనీఫ్?"

"ఇంకో మ్యాచ్ ఆడితే నరం తెగుద్దన్నాడండి డాక్టరు. సెమీస్ ఇంజక్షన్ మీద ఆడాడు. ఎవరికీ చెప్పనని నాతో ఒట్టేయించుకున్నాడు. చెయ్యి వాస్తే ఇవాళ్టికన్నా ఆగుతాడనుకున్నా. నాన్న మీద పడుద్దనుకోలేదు."

"నాతో ఒక్కమాట అనాల్సింది గదరా," అన్నాడు అభినవ్.

"మూడుసార్లు చెప్పా. మ్యాచ్ అయ్యాక చూద్దాంలే అన్నావు."

ప్రకాశరావు బల్ల అంచు పట్టుకున్నాడు. "ఇంజక్షన్ వేయించింది నేనేనండి. ఈ ఒక్కటీ గెలిస్తే చాలనుకున్నా."

బయట జనం ఈలలు వేస్తున్నారు.

"అందరి ముందూ అన్నారు గదండీ," అంది శివపార్వతి. "అక్కడే చెప్పండి."

ప్రకాశరావు తలుపు తీసుకుని కోర్టు వైపు నడిచాడు. కాసేపటికి మైకు గరగరలాడింది. సల్మా తండ్రి భుజం పట్టుకుంది. కొడుకు పేరు ఎక్కడ వినపడుతుందోనని ఆ ముసలాయన తల వంచి ఒక్కో మాటా వింటున్నాడు.

"పొద్దున నేనన్న మాట తప్పు. నాగూర్ బాషా గారు ఏ పాపం ఎరగరు. మా అబ్బాయి భుజం బాగోలేదు. అది దాచింది నేను. ఇవాళ మావాళ్ళు ఆడరు."

ఇంకేదో చెబుతాడని గదిలో అందరూ ఆగారు. మైకు కట్టేసిన చప్పుడు వినిపించింది.