ఏడో నడవలో పెరుగుతోడు

పాలలోని విషక్రిమిని పట్టే యంత్రాన్ని కోరి తెచ్చుకున్న మనిషి, దాని చూపు తన వంటింటి మీద మాత్రం పడకూడదని ఎందుకు కోరుకుంటాడు? అంగారకుడి మీద తెలుగువాళ్ళ కాపురాలు మొదలై మూడు తరాలు గడిచినా ఈ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు.

అక్కడ ఆవులు లేవు. పాలు కుండీలలో కణాల నుంచి తయారవుతాయి. నేల కింద తవ్విన నడవలలో అందరూ ఒకే కుండీ పాలు తాగుతారు, వాడిన నీటినే శుద్ధి చేసుకుని మళ్ళీ వాడతారు. ఒక్క గిన్నెలో లిస్టీరియా బ్యాక్టీరియా చేరినా ఊరంతటికీ ముప్పే. అందుకే డాక్టర్ మందాకిని 'క్షీరసాక్షి'ని నిర్మించింది. కుండీలకూ, గిన్నెలకూ, మురుగు గొట్టాలకూ లోపల పూసే సన్నని ప్రొటీన్ పొర, మాట్లాడే కంప్యూటర్ కలిసిన యంత్రం అది. క్రిమి తగలగానే పొర కంప్యూటర్‌కు సంకేతం పంపుతుంది. కంప్యూటర్ ఆ నడవ తలుపులన్నీ మూసివేసి ఇంటింటినీ విచారిస్తుంది.

పూత గిన్నెలో పెరుగు జిగటగా తోడుకునేది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే మందాకిని కసురుకునేది. తాను మాత్రం నియమం తప్పి, పూత లేని స్టీలు గిన్నెలోనే తోడుపెట్టుకునేది.

ఆ ఉదయం మందాకిని ఉండే ఏడో నడవ తలుపులు మూసుకున్నాయి. గిన్నెలు కడిగిన నీటిలో లిస్టీరియా దొరికింది. ఆమె తన ఇంటి పెరుగులోంచి చుక్క తీసి పరీక్షించింది. క్రిమి అందులోనే ఉంది.

గోడ ఫోను మోగింది. పక్కింటి హసీనా. ఆమెకు ఎనిమిదో నెల.

"అక్కా, జ్వరంగా ఉంది. మీ యంత్రం పోలీసోడిలా అడుగుతోంది, తోడు ఎవరిచ్చారని. ఎవరూ ఇవ్వలేదని చెప్పా. మీరిచ్చిన స్టీలు గిన్నె కూడా తోమి దాచేశా. మీ పెరుగు తిన్నది చాలక ఉద్యోగం కూడా తింటానా ఏంటి?"

కలుషితమైన తోడు అందిందని రుజువైతే తప్ప, ఈ క్రిమికి విరుగుడుగా భూమి నుంచి తెచ్చిన ఇంజెక్షన్లను క్షీరసాక్షి విడుదల చేయదు. ఆ నియమం మందాకిని రాసిందే. ఇంజెక్షన్ అందకపోతే బిడ్డ దక్కడం కష్టమని ఆమెకు తెలుసు.

"ఒళ్ళు నొప్పులున్నాయా?"

"ఉన్నాయి. బిడ్డ పొద్దుట్నుంచీ కదల్లేదక్కా, మా అత్తలాగే అలిగి పడుకుంది. ఉత్త జ్వరమేగా? మీరొక్క మాటంటే నాకు ధైర్యం."

మందాకిని మూసి ఉన్న తన తలుపు వైపు చూసింది.

"ఉత్త జ్వరమే. పడుకో, అమ్మా."

ఫోను పెట్టగానే క్షీరసాక్షి గొంతు వినిపించింది. "డాక్టర్ గారూ, మీ ఇంట్లో పూత లేని గిన్నె ఉందా? తోడు ఎవరికైనా ఇచ్చారా?"

నిజం చెబితే హసీనాకు మందు వస్తుంది. మందాకిని పదవి పోతుంది, ఆమె ఇంటి తలుపు వారాల తరబడి తెరుచుకోదు.

"లేదు. ఎవరికీ ఇవ్వలేదు."

"నమోదు చేశాను, హసీనాది ఉత్త జ్వరమన్న మీ మాటతో సహా. ఇతరుల మాటను పరీక్షిస్తాను. మీ మాటను మాత్రం పరీక్షించవద్దని మీరే నన్ను కట్టడి చేశారు."

తలుపు తెరుచుకుంది. నడవలో మిగతా తలుపులన్నీ మూసే ఉన్నాయి. హసీనా తలుపు మీద 'సాధారణ జ్వరం' అని పచ్చటి అక్షరాలు వెలిగాయి. మందాకిని వాటిని చదివి, ముందుకు నడిచింది.

ఆమెను తిట్టడం తర్వాత. మీరు పెట్టిన నియమాలలో మిమ్మల్ని మీరు ఎక్కడ మినహాయించుకున్నారో, అందువల్ల ఎవరు తలుపు వెనక ఉండిపోయారో, ముందు ఆ పేరు చెప్పండి. పైకే చెప్పండి.