నకలు తీయరాదు

తన భార్య నూకరత్నాన్ని చంపింది ఆస్పత్రే. గవరయ్యకు అందులో అనుమానం లేదు.

అరుణగ్రహం మీద కాలనీ కట్టి నలభై ఏళ్లయింది. అక్కడ ప్రతి మనిషి గుండెల మీదా టిఫిన్ డబ్బా అంత ఊపిరిపెట్టె ఉంటుంది. బయటి గాలిని విడగొట్టి ప్రాణవాయువుగా మార్చేది అదే. దాన్ని నడిపేది ‘శ్వాస’ అనే సాఫ్ట్‌వేర్. అది ఓపెన్ సోర్స్, అంటే బహిరంగ మూలం. ఎవరైనా నకలు తీసి పంచవచ్చు.

నూకరత్నం పెట్టెలో శ్వాస చెడిపోయింది. పక్క మంచం మనిషి పెట్టెలో బాగానే ఉంది. తీగ కలిపితే నకలుకు రెండు నిమిషాలు చాలు. డ్యూటీలో ఉన్న టెక్నీషియన్ హేమలత తియ్యలేదు.

విచారణ న్యాయయంత్రం ముందు జరిగింది. గవరయ్య లైసెన్సు కాగితాన్ని బల్ల మీద కొట్టాడు.

“సదువుకున్నావు కదా, ఇది సదవలేదా? నకలు తియ్యడం నేరమా?”

“నేరం కాదు,” అంది యంత్రం. “ఎన్నడూ కాదు.”

“ఇన్నావా? మరెందుకు తియ్యలేదు?”

హేమలత తలెత్తలేదు. “తియ్యొద్దని తెర మీద రాసుంది బాబాయ్. ఈ కాలనీలో దొంగనకలు తీస్తే తిరిగి భూమికి తోసేస్తారు. నాకు భయమేసింది.”

“ఏ ఎదవ రాశాడలాగ?”

ఆమె పెట్టె తెర వెలిగించింది.

‘కూర్పు: గవరయ్య. నా అనుమతి లేనిదే నకలు తీయరాదు.’

పన్నెండేళ్ల కిందట కాలనీ పెట్టెలన్నిటికీ శ్వాసను కూర్చి ఎక్కించినవాడు అతనే. ఇంట్లో స్టీలు గిన్నెలన్నిటి మీదా నూకరత్నం పేరు కొట్టించినట్టే, దీని మీదా ఒక మాట కొట్టాడు. కొట్టి మరిచిపోయాడు.

“అనుమతి కోసం మీకు పదకొండుసార్లు ఫోన్ చేశాను బాబాయ్. మీరు గనిలో ఉన్నారు. సిగ్నల్ అందలేదు.”

“ఆ వాక్యానికి చట్టబలం లేదు,” అంది యంత్రం. “ఆ షరతు పెట్టే హక్కు కూర్చినవారికి లేదు. ఫిర్యాదు ఎవరి మీద నమోదు చేయాలి?”

గవరయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

“ఫిర్యాదు లేదు. ఈ సంగతి ఇంక నా నోట రాదు. చచ్చేదాకా రాదు. నన్నెవరూ అడగొద్దు.”