ముప్పై ఏడో మంచం విన్నపాలు

“తల్లీ, నీకు తీరికైనప్పుడు ఒకసారి ఇటొస్తావా? కొంచెం ఆయాసంగా ఉంది. కంగారేం లేదు.”

ముప్పై ఏడో మంచం మీది సత్తిరాజు మాస్టారు పక్కనున్న పెట్టెతో ఆ మాట అనడం ఆ మధ్యాహ్నానికి పదిహేడోసారి. పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. అంటే, విన్నాను అని.

సముద్రపుటొడ్డు నగరంలో ఉన్న ఆ ఆసుపత్రిలో అప్పటికి అరవై మంచాలకు ఒకే నర్సు. నర్సులు పది రాష్ట్రాల నుంచి వచ్చేవారు. అందుకని రోగి ఏ భాషలో అడిగినా పెట్టె దాన్ని ఒక్క ఇంగ్లీషు వాక్యంగా మార్చి నర్సు మణికట్టు స్క్రీన్‌కు పంపేది. ‘నేను’, ‘నువ్వు’ అని ఉంటే ఎవరు ఎవరో తెలియదు కనుక, వాక్యం ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌లో ఉండేది. పూర్వం కాలేజీల్లో ఈ పాఠం చెప్పని ఇంగ్లీషు మాస్టారు లేరు. ‘ప్లీజ్’ తీసేసి ‘రిక్వెస్టెడ్’ పెట్టాలి. గదమాయిస్తే ‘ఆర్డర్డ్’. తప్పు రాస్తే బెంచీ ఎక్కించేవారు; అవి టేకు బెంచీలు, ఎంతమంది ఎక్కినా కిర్రుమనేవి కావు. ఇప్పుడా టేకెక్కడిది? సరే, పెట్టె ఇంకో పని కూడా చేసేది. ఆర్డర్లను ముందు, రిక్వెస్టులను తర్వాత, తీరిక చూసుకుని రమ్మన్నవాటిని అన్నిటికంటే చివర పేర్చేది.

పెట్టెను కనిపెట్టిన డాక్టర్ వసుమతి ఆ పాఠం నేర్చుకున్నది సత్తిరాజు గారి దగ్గరే.

“అలా బతిమాల్తే అది ఆలకించదండి మాస్టారూ,” అన్నాడు పక్క మంచం మీది లారీ డ్రైవర్ అప్పలనాయుడు. “నన్ను సూడండి.” తన పెట్టె వైపు తిరిగి, “ఏటే, సచ్చావా? దిండు జారిపోనాది, బేగి రా!” అని అరిచాడు.

రెండు నిమిషాల్లో నర్సు జాన్సీ పరుగున వచ్చి దిండు సర్దింది.

“పక్కాయన్ని కూడా సూడమ్మా.”

జాన్సీ మాస్టారి వైపు తిరిగింది. ఆమె జాకెట్టు చెమటతో తడిసిపోయి ఉంది. మణికట్టు మళ్ళీ మోగుతోంది.

“ముందు ఆ పని చూసుకో తల్లీ,” అన్నారు మాస్టారు. ఆమె వెళ్ళిపోయింది.

“ఒక్కసారి తిట్టండి, మీ పున్నెముంటాది!”

“తిట్టడానికి ఆ పిల్ల ఏం చేసిందయ్యా?”

నిమోనియా తగ్గుముఖం పట్టిందని ముందురోజే ఆయన ఊపిరిని, నాడిని కనిపెట్టే మీటర్లు తీసేశారు. అప్పలనాయుడికి కాసేపు కునుకు పట్టింది. నాలుగు గంటలకు జాన్సీకి తీరిక దొరికింది. అప్పటికే మాస్టారి ఊపిరి ఆగిపోయింది.

వసుమతి పదిహేడు వాక్యాలూ తెప్పించుకుని చదివింది. ‘హీ సెడ్ హీ వాజ్ ఎ లిటిల్ బ్రెత్‌లెస్ అండ్ రిక్వెస్టెడ్ హర్ టు కమ్ వెన్ షీ వాజ్ ఫ్రీ.’ తప్పు కోసం పొద్దుపోయేదాకా వెతికింది. ఒక్కటీ లేదు.

పేర్చే పద్ధతి మార్చాలని ఆమె ఆసుపత్రి కమిటీకి చెప్పుకుంది.

“పెట్టె సరిగ్గానే రాసింది కదమ్మా,” అన్నారు ఛైర్మన్. “తీరిగ్గా రమ్మన్నది ఆయనే. కంగారు లేదన్నదీ ఆయనే.” రోగుల ఫిర్యాదులు సగానికి తగ్గాయని, పెట్టెలను మిగతా వార్డుల్లోనూ బిగించాలని తీర్మానించారు.

ఆ తర్వాత వారం వసుమతి వార్డుకు వచ్చింది. ముప్పై ఏడో మంచం మీద వరహాలమ్మ అనే నేతపనామె ఉంది. గుండె జబ్బు. డిశ్చార్జి కావలసిన అప్పలనాయుడు ఆమె ముందు నిలబడి ఉన్నాడు.

“‘ఏటే’ అనాలమ్మా. గట్టిగా.”

“సేవ చేసే పిల్లని అంత మాట ఎలా అంటాను నాయనా? నోరు రావడం లేదు.”

అప్పలనాయుడు వసుమతిని చూసి పక్కకు తప్పుకున్నాడు. ఆమె స్టూలు లాక్కుని వరహాలమ్మ దగ్గరగా కూర్చుంది.

“మా మాస్టారికీ రాలేదమ్మా,” అంది. “‘ఏటే’ అనండి, గట్టిగా.”