తెల్లారితే ఎక్కే షుగరు

ఆళ్లగడ్డ బస్టాండు ఎదుటి మేడగదిలో మానస కాపురం పెట్టి నెల కూడా కాలేదు. సంసారమూ అక్కడే, భర్త నాగార్జున డిటెక్టివ్ ఆఫీసూ అక్కడే. టీ మొదటిసారి సరిగ్గా కుదిరిన ఆ సాయంత్రం, గుమ్మంలో యూనిఫాంతోనే నిలబడిన నర్సును చూసి ఆమె గ్లాసు కింద పెట్టేసింది.

"నా పేరు లూదియా, అన్నా. నంద్యాల ఆసుపత్రిలో చేస్తాండా. ఇన్సులిన్ ఎక్కువ పొడిచి మా వార్డులో ఉండే జీవమ్మవ్వను చంపబోయినానంట. రేపు పోలీసులకు చెప్తారంట."

"ఎంత ఇవ్వాలో ఎవరు చెప్తారు?" అన్నాడు నాగార్జున.

"కొత్త మిషన్ వచ్చింది. వేలి మీద రక్తం చుక్క పెడితే అంకె డాక్టరు కంప్యూటర్లో పడతాది. ఆయన చెప్పినంతే ఇస్తా. అవ్వకు తెల్లారితే షుగరు నాలుగు వందలు, సాయంత్రం మామూలే. సూది వేసినాక రెండుసార్లు చెమటలు పోసి పడిపోయింది."

"వేలు తుడుస్తావా?"

"స్పిరిట్ దూదితో, ప్రతిసారీ."

మర్నాడు తొలి బస్సుకే ముగ్గురూ నంద్యాల చేరారు. వార్డులో డాక్టర్ దేవదానం విసుగ్గా చూశాడు. "ఇంకో మిషన్‌తో కూడా చూశాం. అదే అంకె. ఈరోజూ నాలుగు వందల పది. సూది నేనే వేస్తా, ఏమవుతుందో చూడండి."

నాగార్జున అవ్వ వైపు వంగాడు. "దొంగతనంగా తీపి తింటాండావా అవ్వా?"

"యేసయ్య తోడు నాయనా, నాలుక మీద పెట్టలా!" అంది జీవమ్మ. మానసను చూడగానే ఆమె ముఖం విప్పారింది. "కొత్త పెళ్లికూతురివా? ఈడ రా" అని బుగ్గలు నిమిరింది.

పక్క మంచం మీద కాలికి కట్టుతో ఉన్న నల్లమల చెంచు ముసలామె శివమ్మ, చూపు ఆనని కళ్లతోనే నవ్వింది. "ఏందే, నీ మొగుడు ముసలోళ్లనే బెదిరిస్తాండాడు!"

సిగ్గుతో తల తిప్పిన మానస బుగ్గకు వెంట్రుకలు అతుక్కున్నాయి. నాగార్జున వాటిని తీసి, తన వేళ్లు చూసుకున్నాడు.

"ఏమండీ, అందరూ చూస్తున్నారు!"

"చూడాలి. డాక్టరుగారూ, ఆ సూది ఆపండి!"

నాగార్జున శివమ్మ దిండు కిందినుంచి మూతి కనబడుతున్న ఒక సీసా తీసి, అందులో వేలు ముంచి, దూదితో పైపైన తుడిచాడు. లూదియా స్పిరిట్‌తో తుడిచి గుచ్చింది. మూడు వందల తొంభై!

"మీకూ షుగరుందా?" అన్నాడు దేవదానం.

నాగార్జున సబ్బుతో కడుక్కొచ్చి అదే వేలు చూపాడు. తొంభై ఆరు.

"స్పిరిట్‌కు పూర్తిగా వదలని తేనె ఇది. అవ్వ వేళ్ల నుంచి మానస బుగ్గకు అంటింది ఇదే. రక్తం చుక్కలో కలిసిన తీపినీ మిషన్ లెక్కేసింది. అవ్వకు లేని షుగరుకు మీరు మందు చెప్పారు. మీరు చెప్పినంతే లూదియా వేసింది."

జీవమ్మ తల దించుకుంది. "శివమ్మకు కండ్లు ఆనవు. పుండుకు నేనే పూస్తా. నర్సులు తిడతారని, తెల్లారి వాళ్లు వచ్చేలోపే..."

"కొండలో పుండుకు తేనే మందు. నా కొడుకు ఎర్రయ్య తెచ్చినాడు. దానికింత రభసా?" అంది శివమ్మ.

లూదియా సబ్బునీళ్లు తెచ్చి అవ్వ చేతులు కడిగి, తుడిచి, మళ్లీ గుచ్చింది. నూట నలభై! వార్డంతా చప్పట్లు కొట్టింది.

దేవదానం సూదిని ట్రేలో పడేశాడు. "నా చేత్తోనే చంపేవాణ్ణి. తప్పు నాది లూదియా. అవ్వ పడిపోయినప్పుడే నరం నుంచి రక్తం తీసి చూడాల్సింది. నీ డ్యూటీ నీదే. ఇకనుంచి అందరికీ ముందు సబ్బు, తర్వాత మిషన్."

లూదియా ఏడుస్తూ నవ్వింది. శివమ్మ సీసాను మానస చేతిలో పెట్టింది. "ఇదే మీ ఫీజు. మొగుడికి పెట్టు."

తిరుగు బస్సులో, ఆళ్లగడ్డ దారిలో, నాగార్జున ముద్దుగా మానస బుగ్గ పట్టుకోబోయాడు.

"చేతులు కడుక్కున్నారా?" అంది మానస.