పూత మీదున్న మొక్క

తెల్లారేసరికి సౌజన్యకు కడుపులో దేవేసింది. వేవిళ్ళు సరే, పెరటి గుమ్మంలోంచి కనిపిస్తున్న మినపచేను చూసినా ఆమెకు అంతే వెగటుగా ఉంది. వరి కోతల తర్వాత ఒక్క వాన పడలేదు. తెల్లదోమ రెచ్చిపోయి చేనుకు పల్లాకు తెగులు అంటించింది. ఎక్కడికక్కడ పసుపుపచ్చ మొక్కలు, గట్టు నిండా ఆ దోమను మేపుతున్న కలుపు. తెగులు మొక్కల్ని పీకి తగలబెడితే సగం చేనైనా దక్కుతుంది. లేకపోతే ఈ ఏడాది ఇంట్లో మినపగింజ ఉండదు.

"పీకడానికి ఏటి అడ్డం?" అని భర్త రమేష్‌ను నిలదీసింది.

"అమ్మ వద్దంతంది" అన్నాడతను, ఫోన్లోంచి తలెత్తకుండా. మీసాలొచ్చిన మగాడు ఇంకా తల్లి కొంగు చాటున దాక్కుంటుంటే ఆమెకు ఒళ్ళు మండింది.

పొయ్యి దగ్గర్నుంచి అత్త రాజులమ్మ, "పూత మీదున్న మొక్కని పెకలించకూడదమ్మా. పూత రాలేదాకా అలాగే ఒగ్గీ" అంది.

"దోమకి పూతా పిందే తెలుస్తాదేటి అత్తా? నీ సాదస్తం సూత్తంటే నాకు అసయ్యంగా ఉంది. రేపు నానే పీకేత్తాను."

మందస సంతలో బేరానికి దిగితే కొట్టువాడికి ఊపిరాడనివ్వని రాజులమ్మ, ఎసట్లో బియ్యం పోసి అలాగే నిలబడిపోయింది. ఉత్త మొండితనం, ఛీ అనుకుంది సౌజన్య.

మర్నాడు లేచేసరికి అత్త ఇంట్లో లేదు. చేనుకెళ్ళి చూస్తే రాజులమ్మ ఒక్కతే వంగి తెగులు మొక్కల్ని పీకుతోంది. గట్టు మీది కలుపు అప్పటికే కోసి కుప్పేసింది.

"అక్కడే ఆగు, దిగకు" అంది. "సూలుమనిసి ఉన్న ఇంట పూతమొక్క పీకరాదంతారు. నిరుడు తెగులొత్తే నాను పీకీసినాను. ఆ నెల్లోనే నీ కడుపు పోయింది. ఇప్పుడు నువ్వు పీకుతానంతే ఎలా ఊరుకుంతాను? తగిలితే నాకే తగలాలని అమ్మోరికి సెప్పుకొచ్చినాను."

ఏడాదిగా ఈ మనిషి అంత నేరం నెత్తినేసుకుని, తనకి వేళకింత అన్నం కలిపి పెట్టింది. నిన్నటి తన మాట తలుచుకుంటే సౌజన్యకు తన మీద తనకే రోత పుట్టింది.

వద్దంటున్నా చేలోకి దిగి అత్త మట్టిచేతులు పట్టుకుంది. "ఆ బిడ్డ గుండె సరిగ్గా ఏర్పడనేదని డాక్టరమ్మ సెప్పింది అత్తా. మొక్కల వల్ల కాదు, నీ వల్లా కాదు. నీ కొడుకు నీకు సెప్పనేదేటి?"

రాజులమ్మ తల అడ్డంగా ఊపింది. గట్టు మీద కూలబడి, పోయిన మనవడి కోసం అప్పుడు మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది.