ఎంటర్ నొక్కే ముందు

"మీరు దీన్ని బాగు చేశారా, పాడు చేశారా?"

సీపీయూ డబ్బాను కౌంటర్ మీద దించుతూనే అడిగాడు అతను. బయట వాన దంచికొడుతోంది. రెయిన్‌కోటు డబ్బాకి తొడిగి, తను మాత్రం తడిసి ముద్దయ్యాడు.

రిపేరు బల్ల దగ్గరున్న అమ్మాయి చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టలేదు.

"నిన్న ఇక్కడ బాగానే నడిచింది కదా!"

"ఇక్కడ నడిచిందండీ. ఇంటికెళ్ళి వీడియో ఎక్స్‌పోర్ట్‌కి పెడితే ఫ్యాన్ విమానంలా అరిచింది. తర్వాత టప్పున ఆరిపోయింది. పెట్టిన ప్రతిసారీ అంతే."

అతను వీడియో ఎడిటర్. ర్యామ్ మీద వేగం 3200 అని ఉంటే కంప్యూటర్ 2133 అనే చూపిస్తోందని నిన్న వచ్చి గొడవపడ్డాడు. అందులో మోసమేమీ లేదని, కొన్న వేగం రావాలంటే కంప్యూటర్‌ని మేల్కొలిపే బయోస్ సెట్టింగుల్లో మెమరీ ప్రొఫైల్ ఆన్ చేయాలని ఆమె చెప్పింది. చెప్పి ఊరుకోకుండా చేసి ఇచ్చింది కూడా.

అక్కడే వచ్చింది తంటా. ఆ షాపు వాళ్ళమ్మది. కస్టమర్ బయోస్ జోలికి ఎవరూ పోకూడదన్నది అమ్మ పెట్టిన రూలు.

లోపలి గదిలోంచి అమ్మ రానే వచ్చింది, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంటూ.

"నా మాట వింటేగా! మెమరీని ఉరికిస్తే ప్రాసెసర్ ఊరుకుంటుందా? ఆ మెమరీని నడిపే భాగం దాని కడుపులోనే ఉందాయె. ప్రొఫైల్ తీసేసి, పాత వేగంలో పెట్టి ఇచ్చెయ్."

"తీయను."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యమేసింది.

"ఏంటీ?"

"తీయనమ్మా. నువ్వు చెప్పిన భాగానికి వోల్టేజ్ కాస్త పెరుగుతుంది, నిజమే. కానీ కంప్యూటర్ ఆరిపోయేంత వేడి దానివల్ల రాదు. ఇంకేదో మారింది. అదేంటో చూడకుండా నింద వేసి మూత పెట్టేస్తే ఎలా?"

"కస్టమర్ ముందు ఎదురు చెప్తున్నావా?"

"కస్టమర్ ముందు నన్ను తప్పంటున్నావు. అందుకే కస్టమర్ ముందే చెప్తున్నా."

ఎడిటర్ మెల్లగా గుమ్మం వైపు జరిగాడు. "నేను రేపొస్తాలెండి..."

"కూర్చోండి!" అన్నారు తల్లీకూతుళ్ళిద్దరూ ఒకేసారి.

కూర్చున్నాడు.

"సరే," అంది అమ్మ. "ఇది ఇంకోసారి ఆరిపోయిందో, నువ్వీ బల్ల వదిలేసి కౌంటర్లో చార్జర్లు అమ్ముకో. ఒప్పుకుంటావా?"

చిన్నప్పుడు ఆ బల్ల కింద రాలిన స్క్రూలు ఏరుతూ ఏరుతూ, బల్ల మీద పని చేసేదాకా ఎదిగిన పిల్ల ఆమె. అయినా తల దించలేదు.

"ఒప్పుకుంటా."

బయోస్ తెరిచింది. మెమరీ పేజీలో అంతా సవ్యంగానే ఉంది. ప్రాసెసర్ పేజీ తిప్పగానే కనుబొమలు ముడిపడ్డాయి. కోర్లన్నీ ఒకేసారి గరిష్ఠ వేగంతో పరుగెత్తేలా ఉంది. కరెంటు ఎంతైనా లాక్కోవచ్చన్నట్టు హద్దు ఎత్తేసి ఉంది.

"ఇది నేను పెట్టలేదే!"

ప్రొఫైల్ ఒకసారి ఆపి, మళ్ళీ ఆన్ చేసి చూసింది. వెంటనే తెర మీద చిన్న పెట్టె ఎగిరి కూర్చుంది. ప్రాసెసర్ వేగం కూడా పెంచమంటారా అని అడుగుతోంది. అవునన్న జవాబు మీద గుర్తు ముందే పెట్టి ఉంది.

"నిన్న ఇది నాకు కనబడనే లేదు."

కుర్చీ కిర్రుమంది. "నాకు కనబడింది," అన్నాడు ఎడిటర్, నేల చూపులు చూస్తూ. "మీరు ఫోనెత్తడానికి అటు తిరిగారు. ఏదో అడుగుతోంది కదా అని... ఎంటర్ నొక్కేశా."

"చదివారా?"

"లేదు."

"చదవకుండానే అవునన్నారా!"

"మీకు శ్రమ తగ్గిద్దామని."

"అబద్ధం."

"సరే, తొందరెక్కువ నాకు." అమ్మ వైపు తిరిగాడు. "ఆంటీ, తప్పు నాది. ఆ బల్ల ఆవిడకే ఉంచండి."

"నా తరఫున వకాల్తా అక్కర్లేదు," అందామె చురుగ్గా. "సేవ్ చేసేముందు ప్రాసెసర్ పేజీ చూడకపోవడం నా తప్పు. దాన్ని నేనే దిద్దుకుంటా."

ఈసారి వద్దన్న జవాబు నొక్కింది. ప్రాసెసర్ హద్దులు తయారీవాళ్ళు పెట్టిన చోటికే తెచ్చింది. మెమరీ మాత్రం 3200 దగ్గరే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. అతని వీడియో ఎక్స్‌పోర్ట్‌కి పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది.

తెర మీద పచ్చగీత నత్తలా పాకుతోంది. ఎడిటర్ కుర్చీ కూడా అలాగే, కొంచెం కొంచెంగా ఆమె వైపు పాకుతోంది.

"మీకూ ఇలాగే వేడెక్కుతుందా?" అన్నాడు.

"హద్దు ఎత్తేస్తే ఎక్కుతుంది."

"మరి హద్దెక్కడుంది?"

"మీ కుర్చీ ఇందాక ఉన్నచోట."

అతను బుద్ధిగా కుర్చీ వెనక్కి లాక్కున్నాడు. కాసేపటికి, తెర సరిగా కనబడటం లేదన్న వంకతో ఆమే తన స్టూలు అతని వైపు జరుపుకుంది.

పచ్చగీత చివరిదాకా వచ్చింది. ఫ్యాన్ ఒక్కసారి కూడా అరవలేదు. అమ్మ డబ్బా మీద చెయ్యి వేసి చూసింది, జ్వరం చూసినట్టు.

"గోరువెచ్చగా ఉందంతే," అని ఒప్పుకుంది. "బల్ల నీదే. బయోస్ కూడా ముట్టుకో. కానీ మెమరీ మార్చాక ప్రాసెసర్ పేజీ చూడకుండా సేవ్ చేశావో, చార్జర్లే!"

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. అతను డబ్బాకి రెయిన్‌కోటు తొడిగాడు, చంకనెత్తుకున్నాడు, గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు.

"రేపు కూడా రావచ్చా?"

"ఏం పాడైందని?"

"ఏమీ పాడవలేదు. అదే నా బాధ. ఇక్కడికి రావడానికి వంక లేకుండా చేశారు. మీరు నాకు నచ్చారండీ. అవునంటారా?"

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. చూపు మాత్రం పక్కకి తిప్పలేదు.

"నన్ను కూడా చదవకుండా ఎంటర్ నొక్కేయమంటారా? కుదరదు. ప్రశ్న మొత్తం అడగండి, నెమ్మదిగా. వద్దన్న జవాబు కూడా అందులో ఉండాలి. అప్పుడు ఏది నొక్కాలో నేనే చూసుకుంటా."

లోపలి గదిలోంచి అమ్మ గొంతు వినిపించింది.

"కాస్త గట్టిగా అడుగు బాబూ! ఈ వానలో నాకు సరిగా వినబడటం లేదు."

అతను వెనక్కి వచ్చి, డబ్బాను మళ్ళీ కౌంటర్ మీద దించాడు.